మూత తీయని సీసాలు

నేను ఇంతకుముందు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతి దాకా చదివినాను. ఆ తర్వాత కలం పట్టింది సంతకానికి మాత్రమే. నలుగురు కూర్చున్న చోట నోరు తెరిచే మనిషిని కాదు. ఇది రాయించింది హుస్సేన్‌బీ. సౌదీలో, ఖోబర్‌లో నేను పనిచేసిన ఇంటి పక్క విల్లాలో ఆమె వంటమనిషి. ఇప్పుడు రాయచోటిలో మా ఇండ్లు రెండు సందుల దూరం. దెయ్యాల కథలంటే ఆమెకు ప్రాణం, దొరికినవన్నీ చదువుతుంది. "వీళ్ళు రాసేదంతా కల్లబొల్లి మేయ్. నీకు జరిగింది రాయి" అని ఆర్నెల్లు నా వెంట పడి, నోటుపుస్తకం కూడా తనే తెచ్చి పడేసింది. తప్పులుంటే ఆమెను అడగండి.

మొదట ఇల్లు చెప్తాను. ఖోబర్‌లో అల్ అజీజియా. రెండంతస్తుల విల్లా, చుట్టూ మనిషి ఎత్తును మించిన గోడ. వంటింటి కిటికీకి ఇనుప చువ్వలు, ఆ కిటికీకి ఎదురుగా డ్రైవరు గది. పొద్దున యాలకులు వేసిన అరబ్బీ కాఫీ, గహ్వా వాసన, సాయంత్రం ఊదు పొగ, పగలంతా ఏసీ రొద. ఆరేండ్లు ఉన్నాను అక్కడ. ఒక్కరోజు కూడా నీడను చూసి ఉలిక్కిపడలేదు.

ఇంటాయన అబూ నాసర్ నా కఫీల్, అంటే నా వీసా ఆయన పేరు మీద ఉండేది. ఆయన భార్యను మామా అని పిలిచేదాన్ని, అక్కడ పనివాళ్ళందరూ అట్లే పిలుస్తారు. వాళ్ళు నన్ను మర్యం అనేవాళ్ళు. నా పేరు ఓబులమ్మ. మొదటిరోజు చెప్పినాను. మామా రెండుసార్లు అనబోయి, నోరు తిరగక, నవ్వి, నువ్వు మర్యం అనింది. సరే అన్నాను. ఏదైనా సరే అనేదాన్ని అప్పట్లో.

నా పనంతా పెద్దబాబా దగ్గర. అబూ నాసర్ తండ్రి ఆయన. వయసులో ఉన్నప్పుడు ఇటలీ దేశపు ఇంజనీర్లతో పైపుల పని చేసినాడంట. వాళ్ళతో దిగిన ఫోటో ఒకటి గోడకు ఉండేది, అందరూ నవ్వుతూ. నేను పోయేసరికే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యి ఒక్కటే ఆడేది. ఆ చేతికి ఫిరోజా రాయి ఉంగరం. ఆ ఉంగరంతో మంచం కడ్డీ మీద కొట్టేవాడు. ఒకసారి కొడితే నీళ్ళు. రెండుసార్లు కొడితే బాత్రూము. మూడుసార్లు కొడితే లేపి కూర్చోబెట్టాలి. ఎవరూ నేర్పింది కాదు, మేమిద్దరమే కుదుర్చుకున్నది. వంటింట్లో ఉన్నా, గుడ్డలు ఇస్త్రీ చేస్తా ఉన్నా, నిద్రలో ఉన్నా, టక్ అని వినపడితే నాకంటే ముందు నా కాళ్ళు లేచేవి.

తినిపించడం ఇంకో విద్య. ఆయన గొంతు సరిగ్గా పనిచేసేది కాదు. చెంచాతో పోస్తే గుటక పడాలి. గుటక పడినాక గొంతులో కిట్‌మని చిన్న చప్పుడు రావాలి. అది వస్తేనే రెండో చెంచా పొయ్యాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు చెప్పినాడు. గుటక... కిట్. గుటక... కిట్. రోజుకు మూడు పూటలు, ఆరేండ్లు. బక్రీదు అయిన వారానికి పోయినాడు. నేను ఏడ్చినాను కూడా. అబద్ధం ఎందుకు?

ఆ ఏడు సౌదీలో మనవాళ్ళకు బాగలేదు. నితాఖాత్ అని అంతకుముందే ఒకటి ఉండేది. సౌదీవాళ్ళను చాలినంతమందిని పనిలో పెట్టుకోని కంపెనీకి ఎరుపు రంగు వేస్తారు. ఎరుపులో పడితే ఆ కంపెనీ పనివాళ్ళకు ఇఖామాలు, అంటే అక్కడ ఉండేదానికి ఇచ్చే కార్డులు, కొత్తవి రావు. అది చాలదన్నట్టు విదేశీ మనిషికి ఇంత అని పన్ను వేసినారు. అబూ నాసర్ కాంట్రాక్టు కంపెనీ ఎరుపులో పడింది. పనివాళ్ళను పంపించేసినాడు, విల్లా అమ్మకానికి పెట్టినాడు. అందరూ మూటాముల్లె సర్దుకుంటా ఉంటే నేను కూడా అడిగినాను. రెండేండ్ల వీసా మీద వచ్చి ఆరేండ్లయింది, నాకు ఖురూజ్ కొట్టండి అని. ఖురూజ్ అంటే ఇంక తిరిగి రాకుండా పోయేదానికి కఫీల్ ఇచ్చే అనుమతి. అది లేకపోతే విమానం ఎక్కనివ్వరు. పాస్‌పోర్టు కూడా ఆయన ఇనప్పెట్టెలోనే ఉంది.

ఇంటికాడ ఏమయింది అని అడిగినారు. ఏమీ కాలేదు అన్నాను. ఎవరూ మంచాన పడలేదు, ఎవరి పెండ్లీ లేదు. నాకు పోవాలని ఉంది, అంతే. నా పొయ్యి మీద నాకు కావాల్సింది నేను వండుకుని, నేను పోసుకున్న నీళ్ళు నేను తాగాలి. అది కారణం కాదంట. చూద్దాం, చూద్దాం అని రెండు నెలలు జరిపినారు.

అప్పుడు ఆ తలుపు బయటపడింది.

ఇల్లు చూసేదానికి జనం వస్తారని పెద్దబాబా మంచం జరిపి తివాచీ ఎత్తించినాడు అబూ నాసర్. నేలలో చెక్క తలుపు! దాని మీద నిలబడే ఆరేండ్లు నేను ఆయనకు ఒళ్ళు తుడిచింది. అబూ నాసర్ ఫోను లైటు వేసుకుని దిగినాడు. పైకి వచ్చేసరికి ముఖంలో నెత్తురు లేదు. రెండు రోజులు ఫోటోలు తీసుకోవడం, ఎవరికో పంపడం, తలుపు వేసుకుని మెల్లగా మాట్లాడడం. గురువారం నాడు నన్ను పిలిచి కిందికి తీసుకుపోయినాడు.

తొమ్మిది మెట్లు. చిన్న గది, ఇద్దరు పడుకుంటే నిండిపోతుంది. ఏసీ లేదు, అయినా బావి వరలో దిగినట్టు చల్లగా ఉంది. మూడు గోడలకూ చెక్క అరలు. అరల్లో సీసాలు, నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉన్నాయి, ఆసుపత్రి వార్డులో రోగుల మాదిరి. ముప్పై ఎనిమిది. దుమ్ము వేలిమందం పేరుకుని ఉంది. చీటీల మీద నల్లటి బూజు. ఇంగ్లీషు నాకు రాదు గానీ అంకెలు వస్తాయి. 1958. 1964. 1967. 1971. అన్నీ నాకంటే పెద్దవో నా ఈడువో.

అబూ నాసర్ గొంతు తగ్గించి చెప్పినాడు. ఇవి ఇటలీ ద్రాక్ష సారాయంట. ఎర్రది. బరోలో అని ఒక పేరు చదివినాడు. పాతబడేకొద్దీ విలువంట, ఇంత పాతవి ఆ దేశంలోనే దొరకవంట. జుబైల్‌లో పనిచేసే ఇటలీ ఆయన ఒకడు శనివారం పొద్దున చూసేదానికి వస్తాడంట. ఆ దేశంలో ఇంట్లో సారాయి చుక్క దొరికినా జైలే. మామాకు ఈ సంగతి తెలియకూడదు. తెలిస్తే, పోయిన మనిషి మీద ఆమెకు ఉండే గౌరవం పోతుంది, బతికున్న మొగుడి మీద ఉండేది కూడా పోతుంది. ఆ రాత్రి విమానానికి వాళ్ళంతా పెద్దబాబా పేరు మీద ఉమ్రా చేయడానికి మక్కా పోతున్నారు. నేను హిందువును, అక్కడ కాలు పెట్టకూడదు, కాబట్టి ఎప్పటిమాదిరే ఇంట్లో ఉంటాను, బయట తాళం వేసి పోతారు. మామావాళ్ళు ఆదివారం వస్తారు, తను ఒక రోజు ముందుగా శనివారమే వస్తాడు. ఆలోపల నేను సీసాలన్నీ పైకి తెచ్చి, శుభ్రం చేసి, మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో పెట్టాలి. బేరం కుదిరితే అదేరోజు నా ఖురూజ్.

"ఒక్కటి పగిలినా నీ ఖురూజ్ పగిలినట్టే" అన్నాడు.

సరే అన్నాను.

శుక్రవారం సాయంత్రం అసర్ బాంగు అయినాక పని మొదలుపెట్టినాను. బట్టల బుట్టలో దుప్పటి పరిచి, ఆరు ఆరుగా రెండు విడతలు పైకి తెచ్చినాను. పన్నెండు సీసాలు. వెలుతురులో చూస్తే అసహ్యం వేసింది. జిడ్డు, బూజు, చిరిగిన చీటీలు. శుభ్రం చెయ్యమన్నాడు కదా. పచ్చడి సీసాలను ఏం చేస్తామో అదే చేసినాను. బాత్రూము తొట్టిలో వేడినీళ్ళు, సబ్బుపొడి. అరగంట నానబెడితే చీటీలు సులువుగా ఊడి వచ్చేసినాయి. మిగిలిన జిగురు పీచుతో తోమినాను. అద్దంలాగా మెరుస్తా ఉన్నాయి. గుడ్డ మీద వరసగా నిలబెట్టి, నా పనితనానికి నేనే మురుసుకున్నాను.

వంటింటి కిటికీ దగ్గర మహబూబ్ బాషా దగ్గినాడు. డ్రైవరు, మాది పక్కపక్క ఊర్లు, నాకు తమ్ముడిలాంటివాడు. వాళ్ళను దమ్మాం విమానాశ్రయంలో వదిలి వచ్చి తన గదిలో ఉన్నాడు. ఆయన ఇఖామా కూడా అయిపోయింది, ఆయనకు వచ్చే వారం ఖురూజ్.

"అక్కా, టీ నీళ్ళు పోస్తావా, లేకపోతే టీకి కూడా తాళం వేసి పోయినారా?"

చువ్వల సందున గ్లాసు ఇచ్చినాను. ఎవరికీ చెప్పొద్దన్న మాట నాకు గుర్తుంది. కానీ రెండు నెలల తర్వాత మంచి కబురు చెప్పేది ఉంటే కడుపులో దాచుకోవడం ఎవరివల్ల అవుతుంది? సీసాల సంగతి చెప్పినాను. ఎంత బాగా కడిగినానో కూడా చెప్పినాను.

బాషా గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసినాడు. అంతకుముందు ఆయన తెల్లవాళ్ళ కాంపౌండులో కారు నడిపినాడు, వాళ్ళ సంగతులు ఎరుగుదును అంటాడు.

"చీటీలు పీకేసినావా?"

"మురికిగా ఉంటేను..."

"అక్కా, ఆ చీటీనే దాని పాస్‌పోర్టు. అది లేకపోతే అది ఏ ఊరిదో, ఎన్నేండ్లదో ఎవడికి తెలుస్తుంది? ఆ దుమ్ము కూడా ఉండాల. నువ్వు పన్నెండింటికి పాస్‌పోర్టు చించేసినావు."

తొట్టి దగ్గరికి పరిగెత్తినాను. చీటీలు నీళ్ళల్లో ముద్దయి జాలీకి అతుక్కుని ఉన్నాయి. వేలితో తాకితే పిండి అయిపోయినాయి. రెండు నెలలు కాళ్ళావేళ్ళా పడి సంపాదించుకున్న మాట, నా చేతులతో నేనే తోమి కాలవలో పోసినాను.

బాషా కిటికీ దగ్గర నుంచే ధైర్యం చెప్పినాడు. ఇంకా ఇరవై ఆరు ఉన్నాయి కదా, వాటిని గుడ్డతో కూడా తాకకుండా ఉన్నవి ఉన్నట్టు తెచ్చి పెట్టు, వాటికే బేరం కుదురుతుందిలే అన్నాడు. అది నిజమే అనిపించింది. ముఖం కడుక్కుని బుట్ట తీసుకున్నాను. బయట పొద్దుగూకే మగ్రిబ్ బాంగు మొదలయింది.

కిందికి దిగేటప్పటికి ఆ బాంగు వినపడలేదు. మొదటిసారి దిగినప్పుడు పైన ఏసీ రొద, వీధిలో కారు మోత అన్నీ వినపడినాయి. ఇప్పుడు మూడో మెట్టు మీద చప్పుళ్ళన్నీ ఆగిపోయినాయి. చెవుల్లో దూది పెట్టినట్టు. బల్బు వెలుగుతా ఉంది. వాసన వేరేగా ఉంది. ఇందాక మట్టి వాసన, తడి చెక్క వాసన. ఇప్పుడు... నొప్పుల మందు, ఊదు, తడిసిన పక్కగుడ్డ. ఆ మూడూ కలిసిన వాసన నాకు తెలుసు. ఆరేండ్లు నా చీరలకు పట్టిన వాసన అది.

పై గదిలోది దిగి వస్తా ఉందిలే అనుకున్నాను. బుట్ట కింద పెట్టినాను. ఎడమ గోడ అరలో చెయ్యి పెట్టినాను.

టక్.

ఒక్కటే. గాజు మీద రాయి తగిలినట్టు.

నీళ్ళు.

సిగ్గుచేటు ఏమంటే, నేను భయపడలేదు. భయపడేదానికి ముందే వెనక్కి తిరిగి రెండు మెట్లు ఎక్కినాను. కప్పు కోసం. నా చెయ్యి నిజంగానే కప్పు పట్టుకున్నట్టు ముడుచుకుని ఉంది. మూడో మెట్టు మీద నాకు తెలివి వచ్చింది. ఎవరికి నీళ్ళు? మనిషిని పూడ్చి పెట్టి ఎన్నాళ్ళయింది?

అక్కడే నిలబడినాను.

టక్. టక్.

లోపలి గోడ నుంచి. అరల వెనుక నుంచి.

ఎలుక అనుకుందామని చూసినాను. పైపు అనుకుందామని చూసినాను. ఎలుక రెండు కొట్టి ఆగదు. పైపు నేను ఎక్కడున్నానో చూసి కొట్టదు. పైకి పోయి తలుపు వేసేద్దామా అనుకున్నాను. ఇరవై ఆరు సీసాలు కింద ఉన్నాయి. నా ఖురూజ్ కింద ఉంది. ఎవడో చప్పుడు చేసినాడని దాన్ని వదిలి పోవాలా? మళ్ళీ దిగినాను.

చేతికి అందిన సీసా బయటికి తీసినాను. వెచ్చగా ఉంది. ఆ చలి గదిలో... జ్వరమొచ్చిన మనిషి మెడ మీద చెయ్యి పెట్టినట్టు. ఉలిక్కిపడి బల్బు కిందికి ఎత్తి పట్టుకున్నాను. చీటీ మీద 1964. మూతి మీద లక్క అట్లే ఉంది, ఎక్కడా పగల్లేదు. లోపల ఎర్రది మెడ దాకా ఉంది.

అప్పుడు వినపడింది.

గుటక...

నా చెవి పక్కన.

...కిట్.

సీసాలో ఎర్రది వేలెడంత దిగింది.

నేను కదల్లేదు. ఊపిరి కూడా తీయలేదు. సీసా అడుగు తడిమినాను. పొడిగా ఉంది. ఎక్కడా కారలేదు.

గుటక... కిట్.

ఇంకో వేలెడు. గాజు లోపలి గోడ మీద ఎర్రటి గీత, నిదానంగా కిందికి. గుటక... కిట్. తొందర లేదు. ఒక చెంచా అయినాక ఇంకో చెంచా. నేను నేర్పినట్టే. గుటక... కిట్. అరల్లో ఉన్న సీసాల వైపు చూసినాను. అన్నింట్లోనూ... అన్నింట్లోనూ దిగుతా ఉంది.

బల్బు ఆరిపోయింది.

చీకటి. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. సీసా నా చేతిలో తేలికైపోయింది. ఖాళీ అయిపోయింది. దాన్ని రొమ్ముకు అదుముకుని వెనక్కి, వెనక్కి... మడమకు మెట్టు తగిలింది.

టక్. టక్. టక్.

లేపు.

ఈసారి గోడలో కాదు. నా ముందర. చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఆ వెంటనే నా భుజాల మీద బరువు పడింది. ఎట్లాంటి బరువో చెప్తాను. మంచం మీద మనిషిని చంకల కింద చేతులేసి లేపేటప్పుడు ఆ మనిషి తల మన మెడ వంపులోకి వాలుతుంది. గడ్డం గుచ్చుకుంటుంది. అట్లే వాలింది. గుచ్చుకుంది కూడా. నా నడుముకు ఆ బరువు తెలుసు. నా నడుము దానంతట అదే వంగింది, ఎత్తేదానికి.

చెవి దగ్గర గాలి కదిలింది. బతికుండగా ఒక్క మాట పలకని నోరు.

"మర్యం..."

ఎందుకో తెలియదు. ఆ పేరు వినేసరికి భయం ఉన్న చోటికి ఇంకొకటి వచ్చింది. నడుము నిలబెట్టినాను. 

"నా పేరు ఓబులమ్మ."

బరువు కదల్లేదు.

"పెద్దబాబా... నీకు నేను ఏ రోజూ లేదనలేదు. పండగనాడు, జ్వరమొచ్చిన నాడు, నా తోడబుట్టినవాడు పోయినాడని ఫోను వచ్చిన నాడు కూడా నిన్ను లేపినాను. ఇప్పుడు లేపను. నువ్వు చచ్చిపోయినావు. నా పని అయిపోయింది."

టక్ టక్ టక్. టక్ టక్ టక్. టక్ టక్ టక్.

"లేపను."

సీసాను మెట్టు మీద పడుకోబెట్టి, తిరిగి మెట్లు ఎక్కినాను. పరిగెత్తలేదు. పరిగెత్తితే వెంట రమ్మన్నట్టు అవుతుందని ఎందుకో అనిపించింది. ఒక్కో మెట్టుకూ మెడ మీద బరువు వెనక్కి లాగుతా ఉంది. ఒకటి... రెండు... ఆరో మెట్టు మీద చల్లటి వేళ్ళు నా జడ కొస పట్టుకున్నాయి. ఆగినాను. జడ ముందుకు లాక్కున్నాను. మళ్ళీ ఎక్కినాను. తొమ్మిది. తలుపు మూసి దాని మీద నేనే కూర్చున్నాను.

పైన రాత్రి ఇషా బాంగు వినపడుతా ఉంది. కిందికి దిగి పావుగంట కూడా కాలేదని నేను ఒట్టు వేసి చెప్తాను. మగ్రిబ్‌కు ఇషాకు మధ్య గంటన్నర.

బాత్రూములోకి పోయి చూసినాను. గుడ్డ మీద వరసగా నిలబెట్టిన పన్నెండు సీసాలూ పడుకుని ఉన్నాయి. ఒక్కటి కూడా పగల్లేదు. ఎవరో ఒక్కొక్కదాన్ని మెడ పట్టుకుని మెల్లగా పడుకోబెట్టినట్టు ఉన్నాయి. వాటిలో ఎర్రది మాత్రం మెడ దాకా నిండుగా ఉంది. ఆ పన్నెండింటినీ ఆయన తాగలేదు. చీటీ లేదు కదా, గుర్తుపట్టలేక పోయినాడేమో. నాకు అంతకంటే తోచలేదు.

ఇల్లంతా బయట తాళం. ఎక్కడికి పోతాను? వంటింట్లోకి పోయి లైట్లన్నీ వేసి, కిటికీ తెరిచి బాషాను పిలిచినాను. వచ్చినాడు. నా ముఖం చూసినాడు. చువ్వలకు అవతల నేల మీద కూర్చుని వాళ్ళ పిల్లల సంగతులు, ఊరి సంగతులు ఆపకుండా చెప్పుకుంటా పోయినాడు. నడుమ ఒకసారి మాట ఆపి, తల ఎత్తి విన్నాడు.

"అక్కా, ఇంట్లో ఎవురున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి ఎవరో కొడతా ఉన్నారే?"

"కొట్టుకోనీలే" అన్నాను. "నువ్వు చెప్పేది చెప్పు."

తెల్లవారినాక ఎండ వంటింటి నేల మీద పడింది. లేచి ముఖం కడుక్కుని, గహ్వా పెట్టుకుని తాగినాను. ఆ ఇంట్లో నాకోసం నేను గహ్వా పెట్టుకున్నది అదే మొదటిసారి, మామా పింగాణీ కప్పులో. తర్వాత తలుపు ఎత్తి కిందికి దిగినాను. బల్బు వెలుగుతా ఉంది. ఏ వాసనా లేదు. ఖాళీ అయిన ఇరవై ఆరు సీసాలు తెచ్చి మజ్లిస్ తివాచీ మీద పెట్టినాను, దుమ్ముతో, చీటీలతో, ఉన్నవి ఉన్నట్టు. పక్కన కడిగిన పన్నెండు.

పది గంటలకు అబూ నాసర్ వచ్చినాడు. వెంట ఇటలీ ఆయన, తెల్ల గడ్డం, మెడలో కళ్ళద్దాలు. సీసాలను చూడగానే చెప్పులు బయటే విడిచి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. 1964 చీటీ చూసి కళ్ళు తుడుచుకున్నాడు కూడా. తర్వాత దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూసినాడు. వెలుతురుకు పెట్టి చూసినాడు. మూతి మీద లక్కను గోటితో గీకినాడు. ఇంకొకటి తీసినాడు. ఇంకొకటి. పాత సీసాల్లో ఏండ్ల మీద కొంచెం తగ్గడం మామూలేనంట, గోరంత, వేలంత. మూత తీయకుండా అడుగంటా ఖాళీ అయినది తన బతుకులో చూడలేదన్నాడంట. కడిగిన పన్నెండింటిని చూసి, పేరు లేనివి నాకు వద్దని తల అడ్డంగా ఊపినాడు. పోయేటప్పుడు చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా పెట్టుకోకుండానే పోయినాడు.

అబూ నాసర్ నా వైపు తిరిగినాడు. నువ్వే తాగినావు అన్నాడు. నువ్వూ ఆ డ్రైవరూ కలిసి తాగినారు, లేదా అమ్ముకున్నారు అన్నాడు. పోలీసును పిలుస్తాను, ఖురూజ్ లేదు, జైలే అన్నాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

నాకు అరబ్బీ వంటింటి మందం వచ్చు. ఉన్న మాటలు ఏరుకున్నాను. 

"పిలువు. ఎవరి మంచం కింద దొరికినాయో చూపిస్తాను. రేపు మామా వస్తుంది, ఆమెకు కూడా మెట్లు చూపిస్తాను. మూత తీయకుండా ఎట్లా తాగినానో మీరే వాళ్ళకు చెప్పండి."

ఆయన ఫోను దించినాడు. ఆరేండ్లలో నేను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడింది వినలేదు కదా.

"నా పాస్‌పోర్టు ఇవ్వు" అన్నాను.

ఫోనులోనే ఖురూజ్ కొట్టినాడు. ఒక్క వేలు, నాలుగు నొక్కులు. రెండు నెలలు నేను ఏడ్చింది ఆ నాలుగు నొక్కుల కోసం. పాస్‌పోర్టు తెచ్చి నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టినాడు. నేను దాన్ని తీసి రవికెలో పెట్టుకున్నాను.

నా సంచి సర్దుకుని వచ్చేసరికి ఆయన పెద్దబాబా గది గడప దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి కాలు పెట్టలేదు. కింద లైటు వెలుగుతా ఉందంట. ఆర్పేసి, తలుపు మూసి పో అన్నాడు. ఇంటి యజమాని, ఇంత ఎత్తు మనిషి, తన ఇంట్లో తొమ్మిది మెట్లు దిగలేకపోయినాడు.

పోకపోయినా నన్ను ఆపేవాళ్ళు లేరు. కానీ భయపడి పారిపోయింది అనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. సంచి గడప దగ్గర పెట్టి దిగినాను.

అరలన్నీ ఖాళీ. నేను పొద్దున తడిమి తడిమి చూసిన అరలు. కింది వరసలో, మూలన, ముప్పై తొమ్మిదో సీసా పడుకుని ఉంది.

తీసి చూసినాను. మిగతా వాటికంటే దుమ్ము ఎక్కువగా ఉంది, వేలితో గీస్తే గాడి పడింది. చీటీ బూజు పట్టి అంచులు రాలిపోతా ఉన్నాయి. యాభై అరవై ఏండ్లు అక్కడే ఉన్న సీసా మాదిరి. లక్క పగల్లేదు. ఎర్రది నిండుగా ఉంది. చీటీ మీద నాలుగు అంకెలు మాత్రం తేటగా కనపడినాయి.

అది ఇంకా రాని సంవత్సరం. ఆయన మళ్ళీ తాగేది ఆ ఏడేనేమో. ఏ సంవత్సరమో నేను ఇక్కడ రాయను.

దాన్ని ఎట్లా ఉన్నదాన్ని అట్లే పడుకోబెట్టినాను. లైటు ఆర్పి, చీకట్లో మెల్లగా మెట్లు ఎక్కి, తలుపు మూసినాను. కింద ఇంకేమన్నా ఉందా అని అబూ నాసర్ అడిగినాడు. సంచి భుజానికి వేసుకుని, ఆరేండ్లలో మొదటిసారి ముందు వాకిలి గుండా బయటికి నడిచి, బాషాను కారు తియ్యమన్నాను.